మిట్టమధ్యాహ్నం కదిలిన కారు

కరెంటు పనికి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ తీగ ఎక్కడికి పోతుందని. అది నేర్పడం కష్టం కాదు. శ్రద్ధ ఉంటే రెండు నెలల పని. ఏ తీగకు ఎంత భయపడాలో నేర్పడమే కష్టం. నాకు దాన్ని ఒక మంచి గురువు నేర్పాడు. నేర్చుకున్నాక నేను మరిచిపోయాను. మరిచిపోయి ఉన్న రోజుల్లో నా మాట నమ్మి ఒక మనిషి ఒక పాత కారు ముందు గొంతుక్కూర్చున్నాడు.

నాకు వచ్చిన ప్రమోషన్లు, బదిలీలు, మెడలో పడ్డ దండలు ఇక్కడ రాయను. వాటితో ఎవరికీ పని లేదు. రాయవలసింది ఆ కారు సంగతి. దయ్యాలు లేవని జన్మంతా వాదించినవాడికి అది చెప్పుకోవడానికి ఇబ్బందైన కథ. దయ్యాలు లేవు. చివరిదాకా చదివి ఎవరైనా మరో అర్థం తీస్తారేమోనని ఈ మాట ముందే రాసిపెడుతున్నాను.

తాళంచెవి

మాది కరీంనగర్ జిల్లాలో మగ్గం నేసే ఇల్లు. పోలీసు చర్య అయిన కొన్నాళ్లకు నేను మగ్గం వదిలి ఆదిలాబాద్ జిల్లా బొగ్గుగనుల్లో కరెంటు పనికి చేరాను. అప్పటికే మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రపు చర్చలకు అలవాటు పడ్డవాణ్ని. బాణామతి మీద, సోదె మీద, గ్రహాల మీద నేను లేచి మాట్లాడితే ఎదుటివాడు కూర్చోవలసిందే. ఆ గర్వాన్ని అన్నం డబ్బాతో పాటు గని లోపలికి కూడా పట్టుకుపోయేవాణ్ని.

మా మీద అధికారి, చార్జిమన్ నర్సింగరావు గారికి చర్చలు పట్టవు. గనిలో మండే గాలి కంటికి కనపడకుండా పోగవుతుంది, ఒక్క నిప్పురవ్వ తగిలితే ఆ సొరంగంలో ఉన్నవాళ్లెవరూ మిగలరు. అందుకే దిగేముందు ప్రతివాడి జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు పైనే ఉంచుకునేవారు. నేను చేరిన మొదటి ఏడు, నీళ్లు తోడే పంపు దగ్గర ఒక కేబుల్ కోయవలసి వచ్చింది. కరెంటు ఆపేశానని తోటి పనివాడు రాజయ్య కేకేశాడు. నేను కత్తి పెట్టాను. వెనక నుంచి నర్సింగరావు గారు నా మణికట్టు పట్టుకుని స్విచ్ దగ్గరకు నడిపించారు. రాజయ్య ఆపింది పక్క స్విచ్. మాది ఇంకా వేసే ఉంది.

"ఎవలు చెప్పిండ్రు బంద్ అయిందని?" అన్నారు.

"రాజయ్య చెప్పిండు సార్."

"రాజయ్య మాట నువ్వు ఇంటవ్. కరెంటు ఇంటదా? నీ చేత్తోని బంద్ చెయ్, తాళమెయ్యి, చెవి నీ జేబుల ఏసుకో. గప్పుడు ముట్టు."

నా చేత్తో ఆపి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాకే మళ్లీ కత్తి పట్టాను. తరువాత చాలామంది అధికారుల కింద పనిచేశాను. ఎక్కువమంది అడిగింది పని ఎప్పుడవుతుందనే. దేనికి భయపడి పని మొదలుపెట్టావని అడిగినవాడు ఆయనొక్కడే. ఆ లెక్కన నా ఉద్యోగంలో నాకు ఒకే ఒక్క అధికారి దొరికాడని చెప్పాలి.

గఫూర్ కారు

గఫూర్ మా వర్క్‌షాపులో ఫిట్టరు. మా వెనక వరుస క్వార్టరే వాళ్లది. వాళ్ల నాన్న మెట్‌పల్లి వైపు ఒక దొర దగ్గర కారు నడిపేవాడు. కాలం మారి దొర హైదరాబాదుకు వెళ్లిపోయాడు, కారు కొట్టంలో ఉండిపోయింది. సీట్లలో కోళ్లు పొదుగుతుంటే చూడలేక ముసలాయన అడిగితే, తీసుకుపొమ్మన్నారట. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో గఫూర్ దాన్ని లారీ మీద మా కాలనీకి తెచ్చి, ఇంటి వెనక రేకుల పంచలో పెట్టాడు. దాన్ని బాగుచేసి, వాళ్ల అబ్బాను వెనక సీట్లో కూర్చోబెట్టి, తను నడుపుతూ మెట్‌పల్లి బజారులో ఒక్కసారి తిప్పాలి. అంతే అతని కోరిక. ముసలాయనకు చూపు తగ్గుతోంది కాబట్టి అది తొందరగా కావాలి.

ఇంజను, బ్రేకులు గఫూర్ వంతు. కరెంటు నా వంతు. ఇద్దరికీ పొద్దటి షిఫ్టు. దిగి, స్నానం చేసి, చాయ్ తాగి వెళ్లేసరికి ఎండ వాలేది. చీకటి పడేదాకా చేసేవాళ్లం. గనిలో ఎప్పుడూ లేని సంతోషం నాకు ఆ పంచలో ఉండేది. అక్కడ మండే గాలి లేదు, జేబులు తడిమేవాడు లేడు. ఉన్నది చిన్న బ్యాటరీ. ముట్టుకుంటే చీమ కుట్టినట్టు కూడా అనిపించదు. దానికి భయమెందుకు?

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. కారును మొదట తిప్పే మోటారుకు, అంటే స్టార్టరుకు, లావు తీగ ద్వారా కరెంటు పోతుంది. దాని స్విచ్ కాలి కింద ఉండేది, తుప్పుపట్టి రాలిపోయింది. నేను పాత సామాన్లలోంచి ఒక స్విచ్ తెచ్చి స్టీరింగు పక్కన బిగించాను. అందుకు రెండు లావు తీగలు అక్కడిదాకా రావాలి. ఒకటి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చేది, ఒకటి స్టార్టరుకు తీసుకుపోయేది. రెండూ చాలలేదు. రెండింటికీ ముక్కలు అతికాను. ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకులోని ఒకే రంధ్రం దగ్గర, రెండు అతుకులూ పక్కపక్కనే వచ్చాయి. గనిలో కేబుల్ అతికినట్టే గుడ్డపట్టీ చుట్టి, పైన తారు పోశాను. గనిలో ఆ అతుకు ఏళ్ల తరబడి రాయిలా ఉంటుంది. నా చేతిపని చూసి గఫూర్ ముచ్చటపడ్డాడు.

ఇంకొకటి. బ్యాటరీ కొనలు అరిగిపోయి పట్టు సరిగా లేదు. తంటాలు పడి గట్టిగా బిగించాను. ఇక దాన్ని మాటిమాటికి విప్పవద్దని గఫూర్‌కు నేనే చెప్పాను. చేతి బ్రేకు ఇంకా తయారు కాలేదు గనుక కారును గోడకు ఎదురుగా నిలిపి, గేరులో వేసి ఉంచేవాళ్లం. శివరాత్రి వెళ్లాక ఒక సాయంత్రం ఇంజను మొదటిసారి పలికింది. పక్క క్వార్టరు ఎల్లవ్వ వచ్చి, దిష్టి తగలకుండా బానెట్ లోపల ఇనుప తీగతో నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఎల్లవ్వ చూసింది

ఎల్లవ్వ మొగుడు గని కప్పు కూలి చనిపోయాడు. కొడుకు దగ్గర ఉంటూ, పగలంతా గుమ్మం ముందు నీడలో కూర్చుని బీడీలు చుట్టేది. ఎదురుగా ఆ రేకుల పంచ. మేము గనిలో ఉన్నంతసేపూ ఆ కారును చూస్తూ ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

ఎండలు ముదిరాక ఒక రోజు మేము వచ్చేసరికి కారు ముక్కు గోడకు ఆని ఉంది. పిల్లలు ఎక్కి గేరు కదిపి తోసి ఉంటారనుకుని, గేరు తీసి వెనక్కి నెట్టాం. నాలుగు రోజులకు మళ్లీ అదే. మూడోసారి గోడ పెచ్చు ఊడింది. అప్పుడు ఎల్లవ్వ చెప్పింది.

"కొడుకా, ఎవలు తొయ్యలే. ఎండ నెత్తి మీదికొచ్చినంక అదే మెసులుతది. పొద్దుగాల మెసలదు, పొద్దుగూకినంక మెసలదు. మెసిలే ముందట పీనుగ కాలిన వాసనొస్తది. గప్పుడు ఒక్కపారి మూలుగుతది, ఎగిరి గోడ మీద పడ్తది."

మిట్టమధ్యాహ్నం దయ్యాలు తిరిగే వేళని మా ప్రాంతంలో అందరూ నమ్ముతారు. కారు పాత దొరే దయ్యమై వచ్చాడని ఎవరో అన్నారు. ఆ మాట చెవిన పడగానే నాలోని వాదకుడు లేచి నిలబడ్డాడు. చచ్చిపోయిన దొరకు షిఫ్టు డ్యూటీ వేశారా, పొద్దున సాయంత్రం సెలవా అని అడిగాను. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఎల్లవ్వ నవ్వలేదు. దొర చచ్చిపోలేదని, హైదరాబాదులో ఉన్నాడని గఫూర్ అంటే మళ్లీ నవ్వారు.

ఇప్పుడు ఆ మాటలు మళ్లీ చదవండి. ఏ వేళకు జరుగుతుంది, ముందు ఏ వాసన వస్తుంది, ఏ చప్పుడు వస్తుంది, ఎటు కదులుతుంది. నా ముప్పయ్యేళ్ల పనిలో ఇంత చక్కగా లోపం వివరించిన మనిషి నాకు దొరకలేదు. ఆమె చెప్పిన కారణం తప్పు. ఆమె చూసినది అక్షరాలా నిజం. నేను కారణాన్ని కొట్టేసి, దానితో పాటు చూపును కూడా కొట్టేశాను. మూఢనమ్మకం మీద కోపం మనిషిని చెవిటివాణ్ని చేస్తుంది. అది కూడా ఒక రకం మూఢత్వమే.

సిగ్గుపడవలసినది ఇంకొకటుంది. ఆ రోజుల నుంచి నేను ఆ కారు ముందు నిలబడటం మానేశాను. పనిముట్టు కావలసి వస్తే వెనక నుంచి చుట్టి వచ్చేవాణ్ని. బానెట్ కింద పనైతే పక్క నుంచి వంగేవాణ్ని. భయం లేదని నోరు చెబుతోంది, కాళ్లు మాత్రం గోడ వైపు పోవడం లేదు. గఫూర్ గోడకూ కారుకూ మధ్య కూర్చుని పనిచేస్తుంటే నా వీపు మీద చెమట దిగేది. లేచి ఇటు రమ్మని అనడానికి నోరు రాలేదు. రమ్మంటే దయ్యాన్ని ఒప్పుకున్నట్టవుతుందని.

నిమ్మకాయల తీగ

నాలుగోసారి కదిలాక బానెట్ ఎత్తి, సాయంత్రపు వెలుతురులో ప్రతి తీగా చూశాను. నా అతుకులు చల్లగా, నల్లగా, గట్టిగా ఉన్నాయి. వాటిని వేలితో నొక్కి ముందుకు పోయాను. అప్పుడు కనపడింది ఎల్లవ్వ కట్టిన ఇనుప తీగ. నిమ్మకాయ ఎండి రాలిపోయింది, తీగ కొన వేలాడుతూ బ్యాటరీ తీగకూ స్టార్టరుకూ మధ్యకు దిగింది.

నా ఆనందం ఏమని చెప్పను. దయ్యం భయానికి కట్టిన తీగే దయ్యమైంది. చర్చల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ ఎవరికి దొరుకుతుంది? ఆ తీగను తెంపి, మరునాడు నల్లా దగ్గర నీళ్లకు చేరినవాళ్లందరి ముందు పైకెత్తి చూపించాను. పావుగంట మాట్లాడాను. ఎల్లవ్వ బిందె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. తలెత్తలేదు. బిందె నిండకముందే వెళ్లిపోయింది.

ఆ తీగ నిజంగా రెండు కొనలను కలిపి ఉంటే, అంత కరెంటుకు దాని మీద కాలిన మచ్చ ఉండాలి. తీగ నా చేతిలో ఉంది. మచ్చ కోసం నేను చూడలేదు. నాకు కావలసిన జవాబు దొరికాక చూడటం ఆపేశాను.

ఆ వారమంతా మబ్బు పట్టింది, వడగండ్లు పడ్డాయి. కారు కదలలేదు. రోజుకొకసారి గఫూర్‌తో, చూశావా, అన్నాను. అతను పూర్తిగా నమ్మాడు. ముసలాయనకు కబురు కూడా పంపాడు, వచ్చే నెల తీసుకువస్తానని.

ఆదివారం

మబ్బు విడిచిన ఆదివారం ఎండ రేకులను కాల్చేసింది. గఫూర్ గోడకూ కారుకూ మధ్య కూర్చుని ముందరి బంపరు బిగిస్తున్నాడు. భోజనం చేసి వస్తానని నేను ఇంటికి వచ్చాను. కంచం ముందు కూర్చున్నాను. రెండో ముద్ద నోట్లో ఉండగా ఆ మూలుగు వినపడింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. వందసార్లు నా చేత్తో స్విచ్ నొక్కి విన్నదే. కాని ఇప్పుడు స్విచ్ దగ్గర ఎవరూ లేరు. లేచి పరుగెత్తాను. నాకంటే ముందు ఎల్లవ్వ అక్కడికి చేరింది. ముసలిది రెండు చేతులతో కారును వెనక్కి నెడుతోంది. గఫూర్ కుడి చేయి మణికట్టు దాకా బంపరుకూ గోడకూ మధ్య ఉంది. అతను అరవడం లేదు. దాన్ని చూస్తూ ఉన్నాడు, ఎవరిదో చేయి అన్నట్టు.

కారు గేరులో ఉంది. ఎంత నెట్టినా కదలదు. ఆ మాట నాకు తట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. లోపలికి వంగి గేరు తీశాను.

ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు. ఫిట్టరు కుడి చేయి.

వాసన

సాయంత్రానికి కాలనీ అంతా ఒకే మాట. నిమ్మకాయలు తెంపేశాడు, అందుకే మీద పడింది. ఎవరూ నన్ను తిట్టలేదు, జాలిగా చూశారు. ఆ జాలిలో ఒక మెత్తటి చోటు ఉంది. నేను నోరు మూసుకుంటే చాలు, దయ్యం నా తప్పును మోస్తుంది. దయ్యాలు లేవని వాదించినవాడికి దయ్యమే దిక్కయ్యే సమయం వచ్చింది. ఆ ఆలోచన నాకు రాలేదని రాస్తే అబద్ధం.

మరునాడు సెలవు పెట్టాను. చక్రాల ముందూ వెనకా బండలు పెట్టాను. గేరు తీసేశాను. బానెట్ మూసి, తలుపు తెరిచి, కారులో కింద పడుకుని, స్టీరింగు కింది చీకటిలోకి తల పెట్టాను. రేకులో ఆ రంధ్రం, నా రెండు అతుకులు నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. పొద్దు పైకి ఎక్కుతోంది.

గనిలో కప్పు గురగురలాడినప్పుడు కూడా నేను అంత భయపడలేదు. ఏమీ జరగదేమో అన్నది ఒక భయం. ఏమీ జరగకపోతే నాకు తెలిసిన లోకం తప్పు. జరుగుతుందేమో అన్నది రెండో భయం. జరిగితే దాన్ని చేసింది నేను.

ముందు వాసన వచ్చింది, ఎల్లవ్వ చెప్పినట్టే. తారు కాగుతున్న వాసన. ఒక నల్లటి చుక్క నా చెంప మీద పడి చురుక్కుమంది. గుడ్డపట్టీ వదులై జారింది. రెండు లావు తీగలు మొదట వంచి కట్టినవి, ఇప్పుడు పట్టు సడలి తమ దారిన ఒకదాని వైపు ఒకటి జరుగుతున్నాయి. వెంట్రుకవాసి, మళ్లీ వెంట్రుకవాసి. రాగి మెరిసింది. చేయి పెట్టి విడదీయవచ్చు. చూసి తీరాలని పెట్టలేదు. తాకాయి. కళ్ల ముందు నీలి మంట లేచింది, కారు మూలిగి నిలువునా ఊగింది. ఆ ఊపుకు తీగలు విడిపోయాయి. గేరులో ఉన్న రోజుల్లో ఈ తిప్పుడే చక్రాలను ముందుకు తోసింది. అంతే.

సాయంత్రానికి తారు మళ్లీ గట్టిపడుతుంది. నేను రోజూ చూసింది ఆ సాయంత్రపు అతుకునే. లోపం ఉన్న వేళ నేనెప్పుడూ అక్కడ లేను. ఉన్న మనిషి మాట వినలేదు.

పని నేర్చుకునేవాళ్లకు ఇందులో మూడు సంగతులున్నాయి. పక్కపక్కన అతుకులు వేయకండి. ఒక చోట పనికొచ్చిన పద్ధతి ఇంకో చోటి వేడిలో ఏమవుతుందో చూడకుండా వాడకండి. బ్యాటరీ కొన విప్పకుండా ఎవరినీ బండి దగ్గర కూర్చోనివ్వకండి. నర్సింగరావు గారి తాళంచెవి మాట ఆరు వోల్టుల కారు బ్యాటరీకి కూడా వర్తిస్తుంది. బ్యాటరీ ఎంత చిన్నదైనా తిప్పే మోటారు బండిని కదిలించగలదు.

ముందు ఎవరికి

ఆ సాయంత్రమే అతుకులు కోసి, కాగితంలో చుట్టి, నల్లా దగ్గరకు వెళ్లాను. నీళ్లకు వచ్చినవాళ్లందరికీ చూపించాను. తప్పు నాదని చెప్పాను. ఎల్లవ్వ చూసినది నిజమని, నేను ఆమెను పదిమందిలో చిన్నబుచ్చానని చెప్పాను. మాటలు బాగానే వచ్చాయి, నాకు ఎప్పుడూ వస్తాయి. కొందరు తలలూపారు. కొందరు దయ్యమే ఆ తారును కరిగించిందన్నారు. వాదించడానికి నాకు ఓపిక లేకపోయింది. ఎల్లవ్వ వచ్చి అతుకును ముట్టుకుని చూసి, వేలికంటిన తారు వాసన చూసింది.

"గిదే వాసన," అన్నది. నిండిన బిందె ఎత్తుకుని వెళ్లింది.

ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. నేను నిజం వైపు నిలబడ్డానని అనుకున్నాను.

మరునాడు ఆసుపత్రికి వెళ్లాను. గఫూర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేయి గుడ్డలో పెద్దగా ఉంది. ఎడమ చేయి చాచాడు. కాగితం విప్పి అతుకులు అందులో పెట్టాను. ఫిట్టరు చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"అతుకు మంచిగనే కొట్టినవ్ అన్నా. జాగ తప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. అతను ఆపాడు.

"నిన్న మొత్తం ఇన్న. నల్లా కాడ మస్తు చెప్పినవట. మా ఇంటామె వచ్చి చెప్పింది. ఆమెకు ఎవలో చెప్పిండ్రట."

అతను అతుకులను మంచం మీద పెట్టాడు.

"సైతాన్ అనుకొని పండుకున్న నేను నిన్నటిదాంక. గది మంచిగుండె. దాని మీద ఎంత కోపమొచ్చినా ఫికర్ లేదు, అది రేపు డ్యూటీల ఎదురుపడదు. నువ్వు పడ్తవ్." కట్టు కట్టిన చేయి ఒళ్లోకి తీసుకున్నాడు. "నిజమే చెప్పాలె, నాకెరుక. పదిమందికి చెప్పినవ్. చెయ్యి పోయింది ఎవనిది అన్నా? వాని తానకు ముందుగాల ఎందుకు రాలే?"

సమాధానం నాకు తెలుసు. పదిమంది ముందు మాట్లాడటం నాకు భయం లేని పని. అతని ఎదుట కూర్చోవడం భయం. రెండూ ఒకే నిజమే అయినా, నేను సులువైన చోట చెప్పి వచ్చాను. ఆ మాట ఆ రోజు అతనితో అనలేకపోయాను. ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. ఇది కూడా పదిమందికి చెప్పడమే.

గఫూర్‌ను దీపాల గదిలో, దిగేవాళ్లకు దీపాలు అందించే పనిలో వేశారు. రోజూ పొద్దున నేను వరుసలో నిలబడి అతని కిటికీ ముందుకు వచ్చేవాణ్ని. అతను ఎడమ చేత్తో దీపం అందించేవాడు. తీగ నలిగిందేమో, మూత బిగిసిందేమో నా కళ్ల ముందే చూసి అందించేవాడు. ఒక్క రోజు కూడా చూడకుండా ఇవ్వలేదు. ఒక్క రోజు కూడా నా ముఖం చూడలేదు.